మడిస్తే మూట, విప్పితే రాజసభ

సెట్టు వేయడం కన్నా దాన్ని ఊరూరా మోయడమే చిన్న నాటక బృందాలకు భారం. ఆ బరువు దించుకునే దారులు మన రంగస్థలానికి కొత్తేమీ కావు.

రాత్రి పదకొండు గంటలు. పరిషత్తు పోటీల్లో ఒక నాటిక ముగిసి తెర పడింది. వింగ్‌లో మరో బృందం కాచుకుని ఉంది. చేతిలో ఉన్నవి కొద్ది నిమిషాలే. ఆలోగా పాత సెట్టు దిగాలి, కొత్త ఇల్లు లేవాలి. గోడ, గుమ్మం, కిటికీ, తులసికోట అన్నీ కుదరాలి. ఆట అయ్యాక ఆ ఇంటినే విప్పి తెల్లవారేలోగా బండెక్కించాలి. ఎందుకంటే సెట్టు మోసేవాళ్లలో సగం మందికి ఉదయం ఆఫీసుంది.

ఇలాంటి బృందం ఆహ్వానం అందగానే లెక్కవేసేది పారితోషికం కాదు, బండి కిరాయి. కిరాయి గిట్టకపోతే నాటకం ఊళ్లోనే ఆగిపోతుంది.

ఈ చిక్కు పాతదే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి నాటక సంప్రదాయం దీనికి తనదైన జవాబు వెతుక్కుంది. నటులు, చిత్రకారులు, వడ్రంగులు అందరూ ఒకే కుటుంబం. అడవి, అంతఃపురం, రాజసభ అన్నీ రంగుల తెరలే. ఒకటి లేచి మరొకటి దిగితే చోటు మారిపోతుంది. ఆట అయ్యాక తెరను చుట్టేస్తే సరి. అయినా 'మాయాబజార్' మాయలకు కావలసిన సరంజామా అంతా ఇంతా కాదు. ఒకప్పుడు డజన్ల కొద్దీ ఉన్న సురభి సమాజాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. సినిమా, టీవీల దెబ్బ సరేసరి. అంత సామగ్రినీ, అంతమంది మనుషులనూ కదిలించే ఖర్చూ తక్కువది కాదు.

కోల్‌కతాలో బాదల్ సర్కార్ 1970లలో ఇంకో దారి తొక్కారు. వృత్తిరీత్యా పట్టణ ప్రణాళికల ఇంజనీరైన ఆయన 'థర్డ్ థియేటర్' పేరుతో సెట్టునే వదిలేశారు. గోడైనా చెట్టైనా నటుల దేహాలే. కర్ణాటకలోని హెగ్గోడులో కె.వి. సుబ్బణ్ణ నడిపిన నీనాసం మధ్యేమార్గం పట్టింది. 1985లో మొదలైన దాని 'తిరుగాట' బృందం సెట్లు, దీపాలు వెంటేసుకుని రాష్ట్రమంతా తిరుగుతుంది.

కొలత ముందు, కుంచె తర్వాత

మధ్యేమార్గంలో వెళ్లేవారికి మొదటి పాఠం ఒకటే. సెట్టును బొమ్మతో కాదు, బండితో మొదలుపెట్టాలి. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ఊళ్లలో దొరికే చిన్న ట్రక్కు తొట్టి సుమారు 7 అడుగులు. ఆ ఒక్క అడుగు తేడా ముందే చూసుకోకపోతే పెద్ద బండి మాట్లాడుకోవాల్సిందే. హాలు ద్వారం, మెట్ల మలుపు కూడా కొలవాల్సినవే.

అందుకే గోడకు ప్లైవుడ్ వద్దు, గుడ్డ చాలు. సన్నని రీపర్లతో చట్రం కట్టి, మూలల్లో ప్లైవుడ్ త్రికోణాలను జిగురు పెట్టి స్క్రూలతో బిగించాలి. దాని మీద కోరా గుడ్డ లాగి అంటించి, జిగురు కలిపిన సుద్దనీళ్లు పూస్తే ఆరేసరికి డోలు చర్మంలా బిగుసుకుంటుంది. ఇద్దరు సులువుగా ఎత్తగలరు. రెండు చట్రాలను మడతబందులతో కలిపితే పుస్తకంలా తెరుచుకుని తనంతట తానే నిలబడుతుంది. పిన్ను ఊడివచ్చే బందులైతే స్క్రూడ్రైవర్‌తో పనిలేదు. అతుకు మీద అదే రంగు గుడ్డపట్టీ వేస్తే ప్రేక్షకుడికి గోడ ఒకటే.

మూడు చట్రాలను త్రికోణంగా నిలిపి కింద చక్రాలు బిగిస్తే మూడు రంగాలు సిద్ధం. ఒక్క తిప్పుతో ఇల్లు వీధిగా మారుతుంది. పురాతన గ్రీకు రంగస్థలానికి తెలిసిన కిటుకే ఇది. ఒకదానిలో ఒకటి ఇమిడే చెక్కపెట్టెలు సింహాసనమూ అవుతాయి, అరుగూ అవుతాయి. రంగు వేసిన తెరను మాత్రం ఎప్పుడూ మడవకూడదు, చుట్టాలి. మడత పడినచోట రంగు పెచ్చులూడుతుంది.

పొదుపు చేయకూడని చోట్లూ ఉన్నాయి. చట్రం, అతుకులు, నటుడు ఎక్కే అరుగు బలంగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం నిప్పు. 2005 సెప్టెంబరులో ఈజిప్టులోని బెనీ సుయెఫ్‌లో నాటకం ఆడుతుండగా కొవ్వొత్తి మంట కాగితపు సెట్టుకు అంటుకుని 40 మందికి పైగా చనిపోయారు. చవకైన సెట్టంటే గుడ్డ, కాగితం, గోనెపట్టాలే కాబట్టి భయం ఎక్కువే. గుడ్డను రంగు వేయకముందే వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో తడిపి ఆరబెడితే మంట త్వరగా పాకదు. అయితే తడిస్తే ఆ మందు కొట్టుకుపోతుంది, మళ్లీ పట్టించాలి. వేడెక్కే దీపాలను గుడ్డకు దూరంగా ఉంచాలి. బయటకు పోయే దారికి సెట్టు ఎన్నడూ అడ్డు రాకూడదు.

ఇక మిగిలింది సాధన. ప్రతి ముక్క వెనకా అంకె వేసి, గడియారం పెట్టుకుని నిలబెట్టడం, విప్పడం రిహార్సల్ చేయాలి. సంభాషణలకు ఇచ్చే సమయంలో కొంత దీనికీ కేటాయించాలి.

రాజసభ మూటగా మారి బండెక్కాకే ఆ రాత్రి నాటకం పూర్తయినట్టు. మరో ఊరి నుంచి పిలుపొస్తే కిరాయి లెక్క చూసి కాదనాల్సిన పని ఉండదు.