పుట్టుకతో వచ్చే పాద వైకల్యాలు

పుట్టుకతో వచ్చే పాద వైకల్యాలు అనగా శిశువు గర్భంలో ఉండగానే పాదపు ఎముకలు, కీళ్ళు, స్నాయువులు సహజమైన అమరిక తప్పి ఏర్పడుట. వీటిలో ముఖ్యమైనది వంకర పాదం. దీనినే వైద్యులు క్లబ్‌ఫుట్ అంటారు. సుమారు వెయ్యి జననాలలో ఒకరికి ఇది ఉంటుంది. ఆడపిల్లల కంటే మగపిల్లలలో రెట్టింపు. దాదాపు సగం మందిలో రెండు పాదాలూ వంకరగా ఉంటాయి. గర్భిణి గ్రహణం చూడడం వలన ఇది వస్తుందనే నమ్మకం తెలుగునాట ఉన్నది కానీ దానికి ఆధారం లేదు.

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో మరొక పొరపాటు జరిగే అవకాశం ఉన్నది. ఫ్లోరైడు నీటి వలన పిల్లల కాళ్ళు వంగిపోవడం పుట్టిన తరువాత ఏళ్ళ తరబడి జరిగేది. దానిలో వంగేవి ప్రధానంగా మోకాళ్ళు, కాలి పొడవు ఎముకలు. పుట్టిననాడే పాదం లోపలికి తిరిగి ఉంటే అది ఫ్లోరోసిస్ కాదు.

ఇతర రకాలు

పాదం ముందుభాగం మాత్రమే లోపలికి వంగితే అది చాలావరకు తనంతట తానే సరి అవుతుంది. నిలువు టాలస్ అనే అరుదైన వైకల్యంలో అరికాలు పడవ అడుగువలె ఉబ్బి ఉంటుంది. పాదపు ఎముకలు ఒకదానితో ఒకటి అతుక్కొని పుట్టే రకం బాల్యం చివరలో నొప్పితో బయటపడుతుంది.

చిత్రణ పద్ధతులు

వంకర పాదాన్ని గుర్తించుటకు చూపు, చేయి చాలు. ప్రతి శిశువుకూ ఎక్స్-రే అవసరం లేదు. పుట్టినప్పుడు పాదంలో అధికభాగం మృదులాస్థి, అది ఎక్స్-రేలో కనబడదు. మడమ ఎముక, టాలస్ మాత్రం కనిపిస్తాయి. నావిక్యులర్ ఎముక కనిపించడానికి సుమారు మూడేళ్ళు పట్టవచ్చు. అందువలన ఫిల్ములోని ఖాళీని చూసి ఎముక లేదనుకోరాదు.

ఎక్స్-రే తీసేటప్పుడు పాదంపై బరువు పడాలి. నిలబడలేని శిశువు అరికాలిని చిన్న పలకతో నొక్కి పట్టి, పైనుండి ఒకటి, పక్కనుండి ఒకటి తీస్తారు. వేలాడే పాదాన్ని తీసిన చిత్రంలో కోణాలు నమ్మదగినవి కావు. పైనుండి చూసినప్పుడు టాలస్, మడమ ఎముకల మధ్య కోణం సాధారణంగా 20 నుండి 40 డిగ్రీలు. నవజాత శిశువులలో ఇంకా ఎక్కువ. వంకర పాదంలో ఇది తగ్గి రెండు ఎముకలూ సమాంతరమవుతాయి. నిలువు టాలస్‌ను నిర్ధారించుటకు పాదాన్ని బాగా కిందికి వంచి పక్కనుండి తీస్తారు. అప్పటికీ టాలస్ వరుసలోకి రాకపోతే అదే నిర్ధారణ. అతుక్కున్న ఎముకలకు ఏటవాలు ఎక్స్-రే, తరువాత సీటీ. అతుకు మృదులాస్థిదైతే ఎమ్మారై.

గర్భంలో 18-22 వారాల స్కానింగులో వంకర పాదం కనిపించవచ్చు. పిక్క ఎముకలు రెండూ పొడవుగా కనిపించే తలంలోనే అరికాలు కూడా కనిపిస్తే అనుమానించాలి. అప్పుడు వెన్ను, మెదడు కూడా జాగ్రత్తగా చూస్తారు. 1994 చట్టం ప్రకారం ఈ స్కానింగులో లింగం చెప్పరాదు.

చికిత్స

ఇగ్నేషియో పాన్సెటి అమెరికాలోని అయోవాలో రూపొందించిన పద్ధతిలో వారానికొక పిండికట్టు చొప్పున ఐదారు మార్చి, అవసరమైతే మడమ వెనుక స్నాయువును చిన్న గాటుతో కోస్తారు. తరువాత బూట్లు గల పట్టీని మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపై నాలుగేళ్ళ వరకు నిద్రలో వాడాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వంకర పాదం కూడా ఉన్నది. జడ్చర్ల వారికి దగ్గరి పెద్దాసుపత్రి మహబూబ్‌నగర్‌లో ఉన్నది. అయితే పాలమూరు నుండి పనికోసం వలసవెళ్ళే కుటుంబాలకు వారం వారం రావడం కష్టమే. పట్టీ మధ్యలో మానితే పాదం మళ్ళీ తిరుగుతుంది, కనుక ఊరు మారేవారు చికిత్స చీటీని వెంట తీసుకువెళ్ళి అక్కడి ఎముకల వైద్యునికి చూపాలి.