ఎంబసీ యెవరి యిల్లు?

ఎంబసీ యన్న మాట బెంగుళూరులోని మన తెలుగు కుటుంబముల పిల్లలకు చిన్ననాటనే చెవిని బడును. కాని వారికి తెలిసినదెల్ల అది వీసా యిచ్చు చోటు అనియే. అన్నకు వీసా వచ్చినదా, అక్క కేల నిరాకరించిరి, చెన్నైకి ఏనాడు పోవలయును - ఇంటిలో వారు వినునవి ఈ మాటలే గదా! 2025 జనవరి 17న అమెరికావారు ఈ నగరమున కాన్సులేటు తెరచినప్పుడు సయితము మన మిత్రులు మొదట నడిగినది వీసాను గూర్చియే. ఆనాటి కా పని యిచ్చట ఆరంభము కాలేదు.

మొన్న చిక్కపేటలో పట్టుచీరెల వర్తకుడైన యొక మిత్రుని దుకాణమున కూర్చుండియుంటిని. ఆయన కుమారుడును, చీరెలు మడతపెట్టు పనివాని కూతురును అచ్చటనే యుండిరి. పనివానిది కడప జిల్లా. "వకీలు మామా, ఎంబసీ యనగా నేమి?" యని బాలు డడిగెను.

"మీ దుకాణమునకు ధర్మవరమునుండి సరకు వచ్చును గదా. అచ్చటి నేతవారు తమ మనిషి నొకని నీ పేటలో నిలిపిరనుకొనుము. అతడు వారి పక్షమున మాటలాడును. ఇచ్చటి సంగతులు వారికి వ్రాయును. తగవు వచ్చిన సర్దజూచును. ఈ పేట కట్టుబాట్లకు లోబడియుండును. ఒక దేశము మరియొక దేశపు రాజధానిలో నట్లు నిలిపిన మనిషియే రాయబారి. అతని కార్యాలయము ఎంబసీ. తక్కిన పెద్ద నగరములలో నుండునది కాన్సులేటు" అంటిని. కామన్వెల్తు దేశములు తమలో తాము పంపుకొను రాయబారులను హైకమిషనర్లందురు. బెంగుళూరులోని బ్రిటిషువారి కార్యాలయమునకు డిప్యూటీ హైకమిషన్ అను పేరు అందువలననే వచ్చినది.

నా యుపమానము ఇచ్చట కుంటుపడినది. పన్నుల యధికారి దుకాణములోనికి రావచ్చును. ఎంబసీలోనికి రాయబారి యనుమతి లేక ఆ దేశపు పోలీసులు అడుగిడరాదు. "అట్లయిన అది వాళ్ల దేశపు నేలయేనా?" యని బాలుడు. చదువుకొన్న పెద్దలే ఔనందురు, అది పొరపాటు. నేల ఆతిథ్యమిచ్చిన దేశముదే. రక్షణము మాత్రము దేశము లొండొరులకు ఇచ్చుకొన్న మాటవలన కలిగినది. 1961 నాటి వియన్నా ఒడంబడికలోని 22వ అధికరణమున నా మాట యున్నది. మన పార్లమెంటు 1972లో దానికి చట్టబలము కల్పించెను. జూలియన్ అసాంజ్ 2012 జూన్ నెలలో లండనులోని ఈక్వడారు ఎంబసీని ఆశ్రయించెను. పోలీసులు వాకిటనే నిలువవలసివచ్చెను. 2019 ఏప్రిలులో ఈక్వడారు తన యాశ్రయమును రద్దుచేసి వారిని లోనికి రమ్మన్న పిమ్మట గాని అతడు పట్టుబడలేదు.

హనుమంతుని చంపుడని రావణుడనగా, దూతను చంపరాదని విభీషణుడు అడ్డుపడిన కథ చెప్పితిని. "మరి తోక కాల్చవచ్చునా?" యని బాలిక ప్రశ్న. వియన్నా ఒడంబడిక దానికిని ఒప్పదనియు, దూత తప్పుచేసినచో ఇంటికి పొమ్మనవచ్చుననియు చెప్పగా ఇద్దరును నవ్విరి.

ఆ దుకాణమునకు కొలది దూరముననే టిప్పు సుల్తాను వేసవి మహలు కలదు. ఆయన పంపిన మువ్వురు రాయబారులు 1788 ఆగస్టు 10న వర్సేల్సులో పదునారవ లూయీని దర్శించి, ఆంగ్లేయులకెదురుగా సైన్యసాయము కోరిరి. మర్యాద దొరికెను గాని సైన్యము దొరకలేదు. అది పోయివచ్చు రాయబారము. ఎంబసీ యన్నచో అచ్చటనే కాపురముండునది.

అంతవరకు కథలే. పిమ్మట నా బాలిక మెల్లగా, "అయ్యా, మా పిన్ని కువైటులో ఇంటిపనికి పోయినది. అక్కడ మన యిల్లున్నదా?" యనెను.

ఉన్నది. వీసాలకంటె ముందుగా పిల్లలకు చెప్పవలసినది ఆ యింటిని గూర్చియే. యజమాని పాసుపోర్టు లాగికొన్నను, జీతము బిగబట్టినను పోయి మొరపెట్టుకొనదగిన వాకిలి యది. పాసుపోర్టు లేనివారు స్వదేశము చేరుటకు అత్యవసర ప్రయాణపత్ర మిచ్చును. 2009లో ఏర్పడిన సంక్షేమ నిధినుండి దిక్కులేనివారికి టిక్కెట్టును, తలదాచుకొన చోటును కల్పింపవచ్చును. ఇంటిలోనివారు ఇచ్చటినుండియే ఫిర్యాదు చేయుటకై విదేశాంగశాఖ 2015లో మదద్ అను ఏర్పాటు చేసినది. చెరలోనున్న తనవానిని చూచు హక్కును 1963 నాటి మరియొక వియన్నా ఒడంబడిక యిచ్చుచున్నది. కులభూషణ్ జాధవ్ విషయమున పాకిస్తాను దానిని భంగపరచెనని అంతర్జాతీయ న్యాయస్థానము 2019 జూలై 17న తీర్పు చెప్పెను. ఐనను చూచుట వేరు, విడిపించుట వేరు. అక్కడి న్యాయస్థానపు తీర్పును రాయబారి త్రోసివేయజాలడు. పిల్లలయొద్ద నీ సంగతి దాచుట నాకు సమ్మతము కాదు.

1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించెను. ఆ పిమ్మట రెండు మాసములలో 1,70,000 పైచిలుకు భారతీయులను విమానములలో స్వదేశము చేర్చిరి. పలువురు బస్సులలో ఎడారి దాటి జోర్డాను రాజధానియైన అమ్మానునకు వచ్చి, అచ్చట విమానమెక్కిరి. వారిలో మన తెలుగువారును ఉండిరి. ఈ కథ చెప్పుచుండగా చీరె మడతపెట్టుచున్న తండ్రి చేతులు ఆగినవి.

తన మరదలు పోయి మూడేండ్లయినదనియు, ఆమెను పంపిన మధ్యవర్తి ఎంబసీ మాటయే చెప్పలేదనియు నత డనెను. చీరెల పెట్టెలోని అట్టముక్క నొకదానిని తీసి కూతురి చేతికిచ్చెను. "భారత రాయబార కార్యాలయము, కువైటు" అని నేను చెప్పగా నామె వ్రాసికొనెను. "రాయబార" మన్నచోట ఒకసారి కొట్టివేసి తిరిగి వ్రాసెను. ఆ రాత్రి పిన్ని ఫోను చేయునట.