తెల్లని పొగ – ఇంజను వ్యాధి నిర్ణయము

నిప్పు లేనిదే పొగ రాదని లోకోక్తి. కొండమీది పొగను చూచి అచట నిప్పున్నదని గ్రహించుట మన తర్కశాస్త్రములో అనుమాన ప్రమాణమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము. ఆవిరిని చూచి పొగయని భ్రమించినచో ఆ నిర్ణయము తలక్రిందులగునని కూడ తార్కికులు హెచ్చరించిరి. టర్బో అమర్చిన కారు సైలెన్సరునుండి తెల్లని పొగ వెలువడినపుడు మనకు పనికివచ్చునది ఈ హెచ్చరికయే. పొగ కనబడగనే “టర్బో పోయినది” అని తీర్పు చెప్పి వేలకు వేలు వ్యయము చేయుటయు, “చలికాలము గదా” అని అట్లే నడిపి ఇంజనునే పోగొట్టుకొనుటయు రెండును తొందరపాటులే. పాత కారును కొని కిరాయికి నడుపుకొను కుటుంబమునకు ఇది చిన్న విషయము కాదు.

టర్బో అననేమి? ఇంజను విడిచివేయు వేడి వాయువుల బలముతో ఒక చక్రము తిరుగును. అదే ఇరుసు రెండవ కొసననున్న మరియొక చక్రము బయటి గాలిని పీల్చి, అదిమి, సిలిండర్లలోనికి పంపును. గాలి అధికముగా చేరుటచే ఇంధనమును అధికముగా మండించి, చిన్న ఇంజను పెద్ద శక్తినిచ్చును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో దీనికి పేటెంటు పొందెను. 1962లో అమెరికాలో తొలి టర్బో కార్లు అమ్మకమునకు వచ్చినవి. కారు టర్బోలో ఈ ఇరుసు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగగలదు. చాల టర్బోలలో దానిని మోయునది ఇంజను ఆయిలు యొక్క పలుచని పొర మాత్రమే.

తెల్లని పొగకు ముఖ్యముగా నాలుగు మూలములు కలవు.

మొదటిది నీటి ఆవిరి. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు ఒక లీటరు నీరు పుట్టును. అరకులోయలోనో, ఆదిలాబాదులోనో చలి ఉదయమున ఆ ఆవిరి తెల్లగా కనబడును. అది పలుచగా ఉండి, వెంటనే గాలిలో కలిసిపోయి, ఇంజను వేడెక్కిన పిదప ఆగిపోయినచో చింతింప పనిలేదు.

రెండవది కూలెంటు. ఇంజను వేడెక్కినను పొగ ఆగక, దట్టమై, తీపి వాసన కలిగియుండి, బయట ఎచ్చటను కారకయే కూలెంటు తరుగుచున్నచో అది సిలిండరులోనికి చేరుచున్నదని అనుమానింపవలెను. హెడ్ గాస్కెట్ చెడుట, సిలిండరు హెడ్ బీటవారుట, డీజిలు కార్లలో ఇ.జి.ఆర్. కూలరు చిల్లిపడుట దీనికి కారణములు. నీరు గాలివలె అణగునది కాదు. సిలిండరులో నీరు నిలిచియుండగా స్టార్టు చేసినచో కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చును. కావున ఇట్టి కారును నడుపరాదు.

మూడవది మండని డీజిలు. తొలి స్టార్టులో కండ్లు మండించు ఘాటైన వాసనతో వచ్చును. గ్లో ప్లగ్గులు పనిచేయకపోవుట, ఇంజెక్టరు కారుట, ఇంజను బోరుకు వచ్చి కంప్రెషను తగ్గుట దీనికి హేతువులు.

నాలుగవది టర్బోనుండి కారు ఆయిలు. అది సైలెన్సరు వైపునకు చేరినపుడు పూర్తిగా మండక, ఆ వేడికి ఆవిరియై, కొంచెము నీలిచాయ గల తెల్లని మేఘమువలె వెలువడి చాలసేపు గాలిలో నిలుచును. కారు కొంతసేపు ఐడిలింగులోనుండి, ఆపై యాక్సిలరేటరు త్రొక్కినపుడు ఇది హెచ్చును. డిప్‌స్టిక్కుపై ఆయిలు మట్టము తగ్గుచుండును.

ఇచ్చటనే ఒక ముఖ్య విషయమున్నది. టర్బోనుండి ఆయిలు కారినంత మాత్రమున దోషము టర్బోదే కానక్కరలేదు. ఆయిలు పంపు ఒత్తిడితో లోనికి వచ్చి, తన బరువుతోనే క్రిందనున్న సంపులోనికి దిగిపోవలెను. ఆ తిరుగు గొట్టము మడ్డితో పూడుకొనినను, బ్రీదరు మూసుకొని క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగినను, దిగుటకు దారిలేని ఆయిలు సీళ్లను దాటి బయటపడును. ఆ స్థితిలో క్రొత్త టర్బో అమర్చినను అదియు పొగ విడుచును. కావున తొలుత శోధింపవలసినవి ఈ రెండే. పిమ్మట ఇరుసులో ఆట యెంతయున్నదో చూడవలెను. ఆయిలు గాలి గొట్టములో చేరినచో ఇంకొక ప్రమాదము కలదు. డీజిలు ఇంజను ఆ ఆయిలునే ఇంధనముగా గ్రహించి, తాళము తీసినను ఆగక పరుగెత్తవచ్చును.

పరీక్షించుటకు ఒక క్రమము కలదు. ఇంజను చల్లగా ఉన్నపుడే కూలెంటు, ఆయిలు మట్టములను గుర్తించి వ్రాసికొనవలెను. వేడిగానున్న రేడియేటరు మూత తీయరాదు. లోని ఒత్తిడికి మరుగునీరు మీద చిమ్మును. కూలెంటు విషము, కావున రుచి చూడరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. ఆయిలు మూత క్రింద మీగడవంటి పదార్థము కనబడినంతనే గాస్కెట్ పోయినదనరాదు. కొద్దిదూరములే తిరుగు కారులో తేమవలన కూడ అది ఏర్పడును. కూలెంటులో మండిన వాయువులున్నవో లేవో తెలుపు రసాయన పరీక్షయు, కూలెంటు మార్గమునకు ఒత్తిడి పరీక్షయు మెకానిక్కుచే చేయించిన పిదపనే హెడ్ విప్పింపవలెను.

విద్యార్థులారా! వాడుకలో అనుమానమనగా సందేహము. తర్కములో అనుమానమనగా హేతువుతో కూడిన నిర్ణయము. పొగ రంగు మొదటిదానిని మాత్రమే కలిగించును. పొగ వచ్చు వేళ, దాని వాసన, తరిగిన ద్రవము అను మూడు సాక్ష్యములు ఏకమైనపుడే రెండవది సిద్ధించును. ఆ నిర్ణయము కుదిరిన తరువాతనే స్పానరు చేతబట్టుట ఉచితము.