మూడో దమ్ముకి మాడు ఎందుకు?

మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న మా మేనల్లుడు మొన్న రాత్రి వీడియో కాల్ చేశాడు. వాళ్లమ్మతో చెప్పనని ముందు నా చేత ఒట్టు వేయించుకుని, తర్వాత అరచేతిలో ఇమిడే వేప్ ఒకటి బయటికి తీశాడు. వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. దాంతో వీడు తీగా దూదీ సొంతంగా మార్చుకునే రకానికి మళ్లాడు.

"కాయిల్ చుట్టాను, దూది దూర్చాను, ట్యాంకు నింపాను. రెండు దమ్ములు బాగానే ఉంటాయి మావయ్యా. మూడోదానికి గొంతులో మాడు కొడుతోంది. ఎందుకు?"

నాకు పొగ అలవాటు లేదు, పిల్లలకి ఫిజిక్స్ చెప్పిన అలవాటు ఉంది. మానెయ్యమని చెప్పాల్సింది చెప్పాను, వాడు బుద్ధిగా తలూపాడు. మన దేశంలో 2019 నాటి చట్టం వీటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది కాబట్టి, సంక్రాంతికి వచ్చేటప్పుడు సంచిలో వేసుకురావద్దని కూడా చెప్పాను. ఆ తర్వాత ప్రశ్నలోకి దిగాం.

అత్తెసరు పెట్టిన చేతికి ఈ సంగతి సగం తెలుసు. గిన్నెలో నీళ్లున్నంతసేపు వేడి ఎంత తగిలినా అన్నం 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. నీరు ఇంకిపోయాక కూడా మంట అలాగే ఉంటే ఆ వేడి మెతుకుల మీద పడుతుంది, అడుగంటుతుంది. వేప్‌లో నీళ్ల బదులు ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ కలిపిన ద్రవం ఉంటుంది. మొదటిది 188 డిగ్రీల దగ్గర మరుగుతుంది, రెండోది 290 దగ్గర. దూది తడిగా ఉంటే తీగ వేడిని ఈ ద్రవమే అదుపులో పెడుతుంది. తడి ఆరితే తీగకి అడ్డు లేదు. దూది నల్లబడుతుంది, మిగిలిన గ్లిజరిన్ విరిగిపోయి అక్రోలిన్ అనే ఘాటైన పదార్థం పుడుతుంది. ఇది మనకి కొత్త వాసనేమీ కాదు. మూకుట్లో నూనె మరీ కాగి కళ్లు మండించినప్పుడు వచ్చేదీ అదే, ఎందుకంటే నూనెల్లోనూ గ్లిజరిన్ దాగి ఉంటుంది.

కాబట్టి "ఎందుకు మాడింది?" అన్నదానికి అసలు రూపం "తడి సమయానికి ఎందుకు అందలేదు?" అన్నది. మావాడు తీగని అనుమానిస్తున్నాడు. నేను దూదిని అనుమానించాను.

మా అమ్మ దీపానికి వత్తులు చేసేటప్పుడు దూదిని గింజలూ నలకలూ లేకుండా విడదీసి, అరచేతిలో వదులుగా నలిపేది. నేను మగపిల్లాడి బలమంతా పెట్టి తాడులా పేనితే, ఆ వత్తి నూనె పీల్చేది కాదు. కాసేపటికి కొనే కాలిపోయి దీపం కొడిగట్టేది. పోగుల మధ్య ఉన్న సన్నని సందుల్లోంచే ద్రవం పైకి పాకుతుంది. బిగిస్తే సందులు మూసుకుపోతాయి. మరీ పలచగా పెడితే దూది తీగకి ఆనదు, ఆనని చోట తీగ ఒట్టిదే కాలుతుంది. కాయిల్‌లోంచి దూదిని లాగితే కొద్దిగా పట్టినట్టు ఉండాలి, చుట్లు మాత్రం కదిలిపోకూడదు. తడిస్తే దూది ఉబ్బుతుందని కూడా గుర్తుంచుకోవాలి. పొడిగా ఉన్నప్పుడు సరిపోయిందనిపించింది తడిసేసరికి గొంతు నులిమినట్టవుతుంది.

రెండు దమ్ములు బాగుండి మూడోది మాడడంలోనే పెద్ద ఆచూకీ ఉంది. కాయిల్ చుట్టూ ఉన్న దూదిలో నిల్వ ఉన్న ద్రవం రెండింటికి చాలుతోంది. అది అయిపోయేలోపు ట్యాంకు నుంచి కొత్తది రావడం లేదు. "దమ్ముకీ దమ్ముకీ మధ్య రెండు నిమిషాలు ఆగి చూడరా" అన్నాను. ఆగాడు, మాడు రాలేదు. అంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు, ఇరుకైంది. ఖర్చు రాకడ కంటే ఎక్కువగా ఉంది.

ఖర్చు ఎంతో చూద్దాం. వాడి కాయిల్ నిరోధం అర ఓమ్. దాని మీద 3.7 వోల్టులు పడితే సుమారు 27 వాట్లు. మావాడు 45 పెట్టుకున్నాడు, పొగ దట్టంగా వస్తుందని. వాట్లు పెంచితే ప్రతి సెకనుకీ ఆవిరయ్యే ద్రవం పెరుగుతుంది గాని, వత్తి పీల్చే వేగం పెరగదు. పైగా వాడు పోసింది 70 పాళ్లు గ్లిజరిన్ ఉన్న చిక్కటి ద్రవం. చలికాలంలో గ్లిజరిన్ ఇంకా చిక్కబడుతుంది. చిన్న కన్నాలున్న ట్యాంకులో అది బెల్లంపాకంలా కదులుతుంది.

ట్యాంకుల్లో ఇంకో తిరకాసు ఉంది. లోపలి ద్రవం తగ్గిన మేరకు గాలి లోపలికి వెళ్లాలి. వెళ్లకపోతే ద్రవం దిగదు. నూనె డబ్బాకి రెండు కన్నాలు పొడిచేది ఇందుకే. వేప్ ట్యాంకులో గాలి బుడగలుగా పైకి వెళ్లాల్సింది కూడా వత్తి తోకలు కూర్చున్న దారిలోంచే. అక్కడ దూదిని కుక్కితే రెండు పనులూ ఆగిపోతాయి. కుక్కకుండా మరీ పలచగా వదిలేస్తే కారిపోతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు తోకల్ని దువ్వెనతో దువ్వినట్టు విడదీసి, కొంత పలచన చేసి, కన్నం మీద కప్పినట్టు పరుస్తారు. మొదటిసారి పెట్టిన దూదిని చుక్కలు వేసి పూర్తిగా నానబెట్టాక, ట్యాంకు నింపి కూడా ఐదు పది నిమిషాలు ఆగాలి. ఈ ఓపిక లేకే చాలా దూదులు తొలి దమ్ముకే చస్తాయి.

ఇక్కడ చిన్న పక్కదారి. 2015 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు, 5 వోల్టుల దగ్గర నడిపిన ఈ-సిగరెట్ ఆవిరిలో ఫార్మాల్డిహైడ్‌ని ఇచ్చే పదార్థాలు బాగా కనిపించాయనీ, 3.3 వోల్టుల దగ్గర కనిపించలేదనీ ఒక వైద్య పత్రికకి రాశారు. గ్రీసుకు చెందిన ఫర్సలినోస్ అదే ఏడు వేరే వాదం తెచ్చాడు. అలవాటున్న మనుషుల చేత పీల్పించి, మాడు రుచి తగిలిన స్థితిలోనే ఇలాంటివి విపరీతంగా పెరుగుతున్నాయని చూపించాడు. పీల్చే యంత్రానికి నాలుక లేదు, మాడినా పీలుస్తూనే ఉంటుంది. మనిషైతే ఉమ్మేస్తాడు. మాడు లేని ఆవిరి మంచిదని దీనర్థం కాదు. మాడు తగిలాక "ఇంకో రెండు దమ్ములకి సర్దుకుంటుందిలే" అనుకోవడం మాత్రం బొత్తిగా తెలివితక్కువ.

అన్ని మాడులూ దూదివి కావు. తీపి కోసం సుక్రలోజ్ కలిపిన ద్రవాలు తీగ మీద నల్లటి పెచ్చు కట్టిస్తాయి. దీపం కొడిలాంటిదే. అప్పుడు దూది తెల్లగా ఉన్నా రుచి మాడినట్టే ఉంటుంది. దూది తీసేసి, తక్కువ వాట్ల మీద తీగని కాస్త కాస్త ఎర్రబరిచి, చల్లారాక కడిగితే ఆ పెచ్చు పోతుంది. కాంతాల్, నైక్రోమ్ తీగలకి ఇది పనికొస్తుంది. నికెల్, టైటానియం తీగల్ని ఎర్రబరచకూడదు. అలా ఎర్రబరిచేటప్పుడే ఇంకో జబ్బూ బయటపడుతుంది. కాయిల్ మధ్యలోంచి అంచులకి సమంగా వెలగాలి. ఒక్క చుట్టో, మర దగ్గరి కాలో ముందుగా భగ్గుమంటే అక్కడ చుట్లు సరిగా ఆనలేదన్నమాట, లేదా మర వదులుగా ఉంది. సిరామిక్ పట్టకారుతో చుట్లని మీటి దగ్గరకు నొక్కాలి. మర బిగించాక నిరోధం మళ్లీ కొలవాలి. ఓమ్‌ల అంకె గెంతుతుంటే బ్యాటరీ జోలికే పోవద్దు, అది రుచి గొడవ కాదు.

"ఇప్పుడు దూది పీకి కెమెరా ముందు పెట్టు" అన్నాను. మధ్యలో కాలిన దోసెలా గోధుమరంగు. ఎడమ తోక తడిసి జావలా ఉంది. కుడి తోక కొన దగ్గర మాత్రమే తడి, కన్నంలో దిగిన చోట పిడచకట్టి తాడులా ఉంది. దొంగ దొరికాడు.

"దీన్నే మళ్లీ తడిపి వాడొచ్చా మావయ్యా?"

"అడుగంటిన అన్నంలో నీళ్లు పోస్తే మాడు వాసన పోతుందేంట్రా?"

కొత్త దూది కత్తిరించాడు. ఈసారి కుడి తోకని పట్టకారు మొనతో విడదీసి, సగం పోగులు తీసేసి, కన్నం మీద పరిచాడు. వాట్లు 28కి దించాడు. పది నిమిషాలు ఆగాలంటే, ఆ పది నిమిషాలూ అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు. తర్వాత వరసగా ఐదు దమ్ములు లాగి, కెమెరా వైపు బొటనవేలు ఎత్తాడు. అప్పుడే వాడి ఫోన్లో ఇంకో కాల్ వస్తున్న చప్పుడు. "అమ్మ" అన్నాడు, ఆ గొట్టాన్ని దిండు కింద తోస్తూ.