కారు పాత్ర ఎప్పుడవుతుంది? జనరంజక కథనాలలోని కల్పిత వాహనాలు – సాహిత్య, న్యాయ దృక్కోణాలు

సారాంశం:
చలనచిత్రాలలో, దూరదర్శన ధారావాహికలలో, చిత్రకథలలో ప్రసిద్ధి పొందిన కార్లను సాధారణంగా ‘పాత్రలు’ అని వ్యవహరిస్తుంటారు. అయితే ప్రసిద్ధమైన ప్రతి కారూ పాత్ర కాదు. కథలో వాహనం నిర్వహించే స్థానాన్ని సాధనం, చిహ్నం, పాత్ర అని మూడు విధాలుగా విభజించి, వాటి మధ్య గల భేదాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. అమెరికా న్యాయస్థానాలు 2015లో బ్యాట్‌మొబీల్ విషయంలోను, 2025లో ఎలినార్ విషయంలోను ఇచ్చిన తీర్పులను ఋత్విక్ ఘటక్ ‘అజాంత్రిక్’ చిత్రంలోని జగద్దల్‌తో పోల్చి, పాత్రను చట్టం కొలిచే తీరు, కథ కొలిచే తీరు ఒకటి కావని నిరూపించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: కల్పిత వాహనం, పాత్రత్వం, చేతనత్వారోపం, రసాభాస, కాపీరైటు, అజాంత్రిక్, బుజ్జి.

1. ఉపోద్ఘాతం

కథలో వాహనానికి వ్యక్తిత్వం ఉండడం మనకు కొత్త కాదు. రామాయణంలోని పుష్పకం యజమాని మనోభీష్టాన్ని గ్రహించి సంచరిస్తుంది. కుబేరుని నుండి రావణుని వశమై, రావణ వధానంతరం రాముని అయోధ్యకు చేర్చి, ఆయన ఆజ్ఞతో తిరిగి కుబేరుని సన్నిధికి వెళుతుంది. ఆ విమానం ఎవరిదన్న ప్రశ్న కూడా కథలో భాగమే.

ఇరవయ్యవ శతాబ్దంలో ఆ స్థానాన్ని కారు ఆక్రమించింది. అది కర్మాగారంలో వేల సంఖ్యలో తయారయ్యే వస్తువు. ఒకే అచ్చులో పోసిన వేల కార్లలో ఒక్కటి మాత్రం ప్రేక్షకుని స్మృతిలో పేరుతో నిలిచిపోవడానికి కారణమేమిటన్నది మొదటి ప్రశ్న. అలా నిలిచిన కారుపై హక్కు ఎవరిదన్నది రెండవ ప్రశ్న. మొదటిది సాహిత్య విమర్శకు, రెండవది న్యాయశాస్త్రానికి సంబంధించినవి. ఈ రెండు ప్రశ్నలకు ఒకే సమాధానం చెప్పబూనడం వల్ల కలిగే చిక్కులను పరిశీలించవలసి ఉంది.

2. సాధనం, చిహ్నం, పాత్ర

జేమ్స్ బాండ్ కారును సాధనానికి ప్రసిద్ధమైన ఉదాహరణగా గ్రహించవచ్చు. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’ చిత్రంలో కనిపించే ఆస్టన్ మార్టిన్ డీబీ5కు మరతుపాకులు, తిరిగే నంబరు పలకలు, ప్రక్కన కూర్చున్న వ్యక్తిని పైకి విసిరివేసే ఆసనం ఉంటాయి. ఇవన్నీ నాయకుని సామర్థ్యానికి పొడిగింపులే. ఆ కారుకు తనదంటూ ఒక కోరిక లేదు. ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ (1985) చిత్రంలోని డెలోరియన్ సైతం ఈ కోవలోనిదే. గంటకు 88 మైళ్ల వేగం అందుకోగానే కాలాన్ని దాటే ఆ కారు కథకు ఇరుసు వంటిది. కాని అది నిర్ణయాలు తీసుకోదు. దానిని నిర్మించిన సంస్థ చిత్రం విడుదలకు మూడేళ్ల ముందే, 1982లో దివాలా తీసింది. వాణిజ్యంలో ఓడిన వాహనం కథలో చిరంజీవి అయింది. అయినప్పటికీ దాని కీర్తి రూపానికి, ప్రయోజనానికి చెందినదే గాని స్వభావానికి చెందినది కాదు.

చిహ్నం మరొక విధమైనది. 1979–85 మధ్య ప్రసారమైన ‘ది డ్యూక్స్ ఆఫ్ హాజర్డ్’ ధారావాహికలోని నారింజ రంగు డాడ్జ్ చార్జర్ పేరు ‘జనరల్ లీ’. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని కాపాడజూచిన దక్షిణ రాష్ట్రాల సేనానిది ఆ పేరు. కారు పైకప్పుపై ఆ రాష్ట్రాల పతాకం చిత్రించి ఉండేది. 2015లో చార్ల్‌స్టన్ నగరంలోని నల్లజాతీయుల ప్రార్థనా మందిరంలో జరిగిన హత్యాకాండ అనంతరం ఆ పతాకంపై దేశవ్యాప్త చర్చ చెలరేగింది. పతాకంతో కూడిన బొమ్మకార్లకు అనుమతులు ఆగిపోయాయి, ధారావాహిక పునఃప్రసారాలూ నిలిచాయి. ఇక్కడ కారు చేసిన నేరమేమీ లేదు. అది మోసిన అర్థమే దానిని వివాదంలోకి దించింది.

మూడవది పాత్ర. తన ప్రవృత్తి చేత కథాగతిని మార్చగలిగినది, ఇతర పాత్రలతో సంబంధం నెరపగలిగినది పాత్ర. ఒకే వాహనంలో ఈ మూడు స్థానాలు కొంత కలిసి ఉండవచ్చు. కాని ఏది ప్రధానమో గుర్తించనిదే విశ్లేషణ సాగదు.

3. పేరు, గొంతు, ఇచ్ఛ

కారును పాత్రగా నిలబెట్టే అంశాలలో మొదటిది పేరు. 1968 నాటి ‘ది లవ్ బగ్’ చిత్రంలో 53వ సంఖ్య ధరించిన తెల్లని ఫోక్స్‌వాగన్ బీటిల్‌కు ‘హెర్బీ’ అని నామకరణం జరుగుతుంది. హెర్బీ ఒక్క మాటైనా పలకదు. తలుపు తెరవకుండా మొండికేయడం, అలగడం, నచ్చినవారి వెంటపడడం వంటి చేష్టల ద్వారానే దాని స్వభావం వ్యక్తమవుతుంది. నాట్యశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే దానికి వాచికాభినయం లేదు, ఆంగికమే ఉంది.

రెండవది గొంతు. 1965–66లో అమెరికాలో ప్రసారమైన ‘మై మదర్ ది కార్’ హాస్య ధారావాహికలో మరణించిన తల్లి పాత కారు రేడియో ద్వారా కుమారునితో మాట్లాడుతుంది. 1982లో ఆరంభమైన ‘నైట్ రైడర్’లోని ‘కిట్’ ఈ సంప్రదాయాన్ని కంప్యూటరు యుగంలోకి తెచ్చింది. పాంటియాక్ ట్రాన్స్ ఆమ్ దేహానికి విలియం డేనియల్స్ గొంతు తోడై, సభ్యత, చమత్కారం, కించిత్తు అసహనం గల వ్యక్తి సాక్షాత్కరించాడు.

మూడవదైన ఇచ్ఛ అన్నిటికంటె ముఖ్యమైనది. దీనికి నిదర్శనం అదే ధారావాహికలో దొరుకుతుంది. ‘కిట్’కు ముందు నమూనాగా తయారైన ‘కార్’ అనే వాహనం అందులో ప్రతినాయక స్థానంలో ప్రవేశిస్తుంది. దేహం దాదాపు అదే. కాని ‘కిట్’ మానవ ప్రాణరక్షణను పరమధర్మంగా భావిస్తే, ‘కార్’ ఆత్మరక్షణనే పరమావధిగా ఎంచుతుంది. దేహం ఒకటే అయినా ఇచ్ఛ వేరు కావడంతో పాత్రలు రెండయ్యాయి. స్టీఫెన్ కింగ్ నవల ‘క్రిస్టీన్’ (1983) ఈ ఇచ్ఛను భయానక రసానికి వినియోగించింది. 1958 నాటి ప్లిమత్ ఫ్యూరీ తన గాయాలను తానే మాన్పుకొంటుంది, యజమానిపై అసూయతో కూడిన మమకారం పెంచుకొంటుంది. ఇక్కడ కారు యజమానికి లోబడదు. యజమానినే లోబరచుకొంటుంది.

4. న్యాయస్థానం ముందు బ్యాట్‌మొబీల్

బ్యాట్‌మన్ చిత్రకథలలో ‘బ్యాట్‌మొబీల్’ అన్న పేరు 1941లో వచ్చింది. 1966 నాటి దూరదర్శన ధారావాహిక కొరకు జార్జ్ బారిస్, లింకన్ ఫ్యూచురా అనే 1955 నాటి ప్రదర్శన వాహనాన్ని మార్చి దానికి దృశ్యరూపం ఇచ్చాడు. 1989 చలనచిత్రంలో ఆ రూపం పూర్తిగా మారింది. ఈ రెండు రూపాలకు ప్రతికృతులు నిర్మించి విక్రయించిన ఒక వ్యాపారిపై చిత్రకథల ప్రచురణ సంస్థ దావా వేసింది. కారు ఉపయోగకర వస్తువు గనుక దానికి కాపీరైటు వర్తించదన్నది వ్యాపారి వాదం.

‘డీసీ కామిక్స్ వర్సెస్ టౌల్’ పేరిట ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యంలో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం 2015 సెప్టెంబరులో ప్రచురణ సంస్థ పక్షాన తీర్పు చెప్పింది. ఆ సందర్భంగా మూడంచెల పరీక్షను నిర్దేశించింది. ఒకటి, పాత్రకు భౌతిక లక్షణాలతో పాటు భావనాత్మక లక్షణాలు ఉండాలి. రెండు, ఎక్కడ కనిపించినా అదే పాత్ర అని పోల్చుకోదగిన స్థిరమైన గుణాలు ఉండాలి. మూడు, అది విశిష్టమై, అనన్యమైన అభివ్యక్తిని కలిగి ఉండాలి.

బ్యాట్‌మొబీల్ రూపం మారినా గబ్బిలాన్ని తలపించే ఆకృతి, అత్యాధునిక ఆయుధ సంపత్తి, నేరస్థులను తరిమే స్వభావం మారలేదని న్యాయస్థానం భావించింది. మాట్లాడలేకపోయినా, చైతన్యం లేకపోయినా ఒక కారు రక్షణార్హమైన పాత్ర కాగలదని స్పష్టం చేసింది. పై విభజన ప్రకారం చూస్తే బ్యాట్‌మొబీల్ ప్రధానంగా సాధనమే. సాహిత్య విమర్శ సాధనమని పిలిచే దానిని చట్టం పాత్రగా గుర్తించిందన్న మాట.

5. ఎలినార్: పేరు ఉన్నా పాత్ర కానిది

పదేళ్లకు అదే న్యాయస్థానం ముందుకు మరొక కారు వచ్చింది. ‘గాన్ ఇన్ 60 సెకండ్స్’ (1974) చిత్రంలో కార్ల దొంగలు తాము కాజేయదలచిన వాహనాలకు స్త్రీల పేర్లను సంకేతాలుగా పెట్టుకొంటారు. ఫోర్డ్ మస్టాంగ్‌కు వారు పెట్టిన పేరు ఎలినార్. 2000లో వచ్చిన పునర్నిర్మాణంలో అదే పేరు 1967 నాటి షెల్బీ జీటీ500కు దక్కింది. ఎలినార్ కూడా పాత్రేనన్న వాదాన్ని 2025 మే నెలలో న్యాయస్థానం తోసిపుచ్చింది. ఎలినార్ పేరు వేర్వేరు రూపాలలో ఉన్న పలు కార్లకు వర్తించిందని, దానికి స్థిరమైన గుణాలేవీ లేవని, అటువంటి చిత్రాలలో కనిపించే సాధారణ క్రీడా వాహనాలకు భిన్నమైన విశిష్టత లేదని పేర్కొంది. మూడంచెలలో ఏ ఒక్కదానిలోనూ అది నిలువలేదు.

ఈ తీర్పులో గమనింపదగిన మరో అంశం ఉంది. మానవ సహజమైన గుణాలు ఎలినార్‌కు లేకపోవడాన్ని న్యాయస్థానం ఒక లోపంగా ఎంచింది. బ్యాట్‌మొబీల్ విషయంలో చైతన్యం అనివార్యం కాదన్న న్యాయస్థానమే ఇక్కడ దాని అభావాన్ని లెక్కలోకి తీసుకొంది. రెండింటినీ కలిపి చదివినప్పుడు చైతన్యం తప్పనిసరి కాకపోయినా, అది లేని కారు స్థిరత్వం చేతనైనా, విశిష్టత చేతనైనా ఆ లోటును పూడ్చుకోవాలని తేలుతుంది. మొత్తం మీద చట్టం వెదికేది ‘మారకపోవడం’.

6. జగద్దల్: పరీక్షకు అందని పాత్ర

సుబోధ్ ఘోష్ బెంగాలీ కథ ఆధారంగా ఋత్విక్ ఘటక్ 1958లో తీసిన ‘అజాంత్రిక్’ చిత్రం ఈ కొలమానాన్ని ప్రశ్నార్థకం చేస్తుంది. యంత్రం కానిది అన్నది ఆ పేరుకు అర్థం. ఛోటానాగపూర్ ప్రాంతంలో టాక్సీ నడుపుకొనే బిమల్‌కు ఒక పాత షెవ్రొలే కారు తప్ప ఆప్తులెవరూ లేరు. దానికి అతడు పెట్టుకొన్న పేరు జగద్దల్, అనగా కదల్చశక్యం కాని మహాభారం. రేడియేటరులో నీరు పోస్తే అది దాహం తీరిన ప్రాణి వలె గుటకలు వేసిన ధ్వని వినిపిస్తుంది. పరిసరాలలోని వారు బిమల్‌ను పిచ్చివానిగా జమకడతారు.

అచేతనంపై రతిభావాన్ని ఆరోపిస్తే అది రసం కాక రసాభాస అవుతుందని హేమచంద్రుడు మొదలైన ఆలంకారికులు భావించారు. బిమల్‌ను చూసి నవ్వే ఊరివారి దృష్టి అదే. దీనికి ప్రతిగా ‘మేఘదూతం’లో కాళిదాసు, ఆర్తితో ఉన్నవారు చేతనాచేతన వివేకాన్ని కోల్పోవడం సహజమని యక్షుని పక్షాన సమాధానం చెప్పుకొన్నాడు. ఘటక్ మరొక అడుగు ముందుకు వేశాడు. జగద్దల్ స్పందనలు బిమల్ ఊహలా, నిజమా అన్నది తేల్చకుండా ధ్వని ద్వారా ప్రేక్షకుని సైతం ఆ అనుబంధంలోకి లాగాడు. చివరకు ఎంత బాగుచేసినా కదలని జగద్దల్ తుక్కు ఇనుముగా తూకానికి అమ్ముడవుతుంది. మిగిలిన హారనును ఒక పసివాడు నొక్కుతుండగా బిమల్ కన్నీటి మధ్య చిరునవ్వు నవ్వుతాడు.

జగద్దల్‌ను మూడంచెల పరీక్షకు నిలబెడితే రెండవ అంచె వద్దనే చిక్కు ఏర్పడుతుంది. అది ఒకే చిత్రానికి పరిమితమైనది. పైగా శిథిలం కావడమే దాని కథ. హెర్బీ చిత్రం తరువాత చిత్రంలో అదే హెర్బీగా తిరిగి వస్తుంది గనుక చట్టానికి సులువుగా అందుతుంది. జగద్దల్ తిరిగి రాదు, తిరిగి రాకపోవడం వల్లనే అది మరపురాని పాత్ర అయింది. చట్టం పునరావృత్తిని, తద్వారా విక్రయయోగ్యతను కొలుస్తుంది. కథ మార్పును, సంబంధాన్ని కొలుస్తుంది. ఒక కొలమానంతో మరొక దాని ఫలితాన్ని నిర్ణయించడం శాస్త్రీయం కాదు.

7. బుజ్జి, భారతీయ చట్టం

ఈ చర్చ తెలుగు పరిశోధకులకు దూరమైనది కాదు. 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రంలో నాయకుడు భైరవునికి తోడుగా ఉండే కృత్రిమ మేధ గల వాహనం పేరు బుజ్జి. దానికి కీర్తి సురేశ్ గొంతునిచ్చారు. చిత్రం కొరకు వాహనాన్ని మహీంద్రా సంస్థ, కోయంబత్తూరుకు చెందిన జయం ఆటోమోటివ్స్ సహకారంతో నిజంగానే నిర్మించారు. పసిపిల్లలను, లేగదూడలను ముద్దుగా పిలిచే మాటను ఒక మహాకాయ యంత్రానికి పెట్టడంలోని చమత్కారం తెలుగు వారికే పూర్తిగా అందుతుంది. కదలవలసిన కారుకు జగద్దల్ అన్న పేరు ఎటువంటిదో, భారీ వాహనానికి బుజ్జి అన్న పేరు అటువంటిదే. చలనచిత్రానికి ముందే యానిమేషన్ ధారావాహికలోనూ కనిపించిన బుజ్జికి పేరు, గొంతు, స్వభావం మూడూ ఉన్నాయి.

అయితే 1957 నాటి భారతీయ కాపీరైటు చట్టం పాత్రను ప్రత్యేక వర్గంగా నిర్వచించలేదు. ‘దబంగ్’ నాయక పాత్ర విషయమై ‘సర్దార్ గబ్బర్ సింగ్’ చిత్రంపై 2016లో వచ్చిన వ్యాజ్యంలో, విశిష్టమైన పాత్రకు రక్షణ సాధ్యమేనని బొంబాయి హైకోర్టు సూత్రప్రాయంగా అంగీకరించింది. కారు విషయంలో అదనపు చిక్కు ఉంది. చట్టంలోని 15వ సెక్షను ప్రకారం, డిజైనుగా నమోదు చేయదగినదై ఉండి నమోదు కాని రూపాన్ని పారిశ్రామికంగా 50 సార్లకు మించి ఉత్పత్తి చేస్తే ఆ డిజైనుపై కాపీరైటు అంతరిస్తుంది. నమోదు చేస్తే లభించే రక్షణ పదేళ్లు, పొడిగింపుతో మరో ఐదేళ్లు మాత్రమే. చలనచిత్రానికి కాపీరైటు 60 ఏళ్లు. కళాకృతికి, డిజైనుకు మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నను సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో క్రయోగాస్ వ్యాజ్యంలో పరిశీలించింది. ద్రవీకృత సహజవాయువును మోసే ట్రైలర్ల నమూనా చిత్రాలకు సంబంధించిన వివాదమది.

కావున ఒక కల్పిత వాహనాన్ని చిత్రంగా చూడాలా, డిజైనుగా చూడాలా, పాత్రగా చూడాలా అన్నదానిని బట్టి దాని రక్షణ కాలం మారిపోతుంది. బొమ్మలు చేసే చిన్న వృత్తికారుడు, అదే ఊహను కొత్తగా మలచదలచిన రచయిత ఏ హద్దు వరకు వెళ్లవచ్చునన్నది కూడా దానిపైనే ఆధారపడుతుంది. మాట్లాడే కారు అన్న ఊహ ఎవరి సొత్తూ కాదు. ‘మై మదర్ ది కార్’ నుండి బుజ్జి వరకు అది ఉమ్మడి ఆస్తిగానే వస్తున్నది. రక్షణ ఆ ఊహకు ఇచ్చిన నిర్దిష్ట రూపానికి మాత్రమే.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. ప్రసిద్ధి పాత్రత్వానికి నిదర్శనం కాదు. డెలోరియన్, జనరల్ లీ ఎంత ప్రసిద్ధమైనా ఒకటి సాధనం, మరొకటి చిహ్నం. పాత్రత్వం లోహంలో గాక ఇచ్ఛలో, సంబంధంలో ఉంటుందని ‘కిట్’, ‘కార్’ల భేదం, బిమల్, జగద్దల్‌ల అనుబంధం తెలుపుతున్నాయి. న్యాయస్థానపు పరీక్ష ఆస్తిహక్కును నిర్ణయించడానికి ఏర్పడినది గనుక దానిని సాహిత్య విలువకు గీటురాయిగా స్వీకరించరాదు. ఆ పరీక్షలో బ్యాట్‌మొబీల్ నెగ్గింది, జగద్దల్ నెగ్గకపోవచ్చు. తూకానికి అమ్ముడైన ఆ పాత కారు కొరకు కంటతడి పెట్టిన ప్రేక్షకుడు మాత్రం అది పాత్ర కాదంటే అంగీకరించడు. తెలుగు చలనచిత్ర అధ్యయనాలు ఈ రెండు కొలమానాలను వేరుగా ఉంచుకొని సాగినప్పుడే బుజ్జి వంటి వాహనాల విశ్లేషణ సమగ్రమవుతుంది.