చూపు బాగుంది, మరి కళ్లెందుకు మండుతున్నాయి?

ఈ దినాలలో సెల్‌ఫోను లేని ఇల్లు మన పల్లెల్లో కూడా అరుదు. పిల్లల పాఠాలు, పంట ధరలు, దూరాన ఉన్న బిడ్డల మాటలు అన్నీ అందులోనే. దానితోపాటే కళ్ల మంట, తలనొప్పి, సాయంత్రానికి మసక కూడా ఇంట్లోకి వచ్చాయి. పరీక్షకు తీసుకువెళ్తే పిల్లవాడు గోడమీది అక్షరాలన్నీ చదివేస్తాడు. "చూపు 6/6, ఏమీ లేదు" అంటారు. ఆ తరువాత వాడు పుస్తకం పక్కన పెడితే బద్ధకమని మందలిస్తాము.

లోపం ఎక్కడుంది? గోడమీది అక్షరాలు దూరపు చూపును కొలుస్తాయి. ఫోను ఉండేది మూరెడు దూరంలోపే. అంత దగ్గరగా చూడాలంటే రెండు కళ్లూ లోపలికి తిరగాలి, కంటిలోని చిన్న కండరం బిగిసి ఉండాలి. గంటల తరబడి అలా ఉంటే అలసట రాదా? పైగా తెరవైపు చూసేటప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. కన్నీటి పొర ఆరిపోయి కళ్లు మండుతాయి.

అందుకే ఆప్టోమెట్రిస్టులకు, అంటే కళ్లు పరీక్షించి అద్దాల నంబరు చెప్పేవారికి, ఈ అలసటను గుర్తించే శిక్షణ అవసరం. మన దేశంలో వారి డిగ్రీ చదువు 4 సంవత్సరాలు. ఇదిగాక, హైదరాబాదులో 1987లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పల్లె యువతీయువకులకు ఒక సంవత్సరం శిక్షణ ఇచ్చి గ్రామీణ విజన్ సెంటర్లలో పని అప్పగిస్తోంది. మన ఊళ్లకు అందుబాటులో ఉండేది ఇటువంటివారే.

వారు నేర్వవలసినవి ముఖ్యంగా మూడు. మొదటిది, అడగటం. రోజుకు ఎన్ని గంటలు చూస్తారు? ఎంత దూరం నుండి? ఏ వేళకు బాధ మొదలవుతుంది? ఇందుకోసమే 2015లో స్పెయిన్ పరిశోధకులు 16 లక్షణాలతో ఒక ప్రశ్నావళి ప్రకటించారు. రెండవది, దగ్గరి చూపు పరీక్ష. పెన్ను మొనను మెల్లగా ముక్కువైపు తెస్తూ, ఎక్కడ రెండుగా కనబడుతుందో చూస్తారు. మూడవది, కన్నీటి పరీక్ష. కంటికి రంగు మందు తాకించి, రెప్ప వేయకుండా ఉంచి, పొర ఎన్ని సెకన్లలో చెదురుతుందో లెక్కిస్తారు. 10 సెకన్లలోపే చెదిరితే కన్ను పొడిబారిందని అనుమానించాలి.

నేర్చినవారు ప్రతి బాధనూ ఫోను మీదికి నెట్టరు. హఠాత్తుగా చూపు తగ్గినా, తీవ్రమైన నొప్పి వచ్చినా, దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడినా వెంటనే కంటి డాక్టరు వద్దకు పంపుతారు. అక్కరలేని అద్దాలూ అంటగట్టరు. నీలికాంతిని ఆపుతాయనే అద్దాలపై జరిగిన 17 పరిశోధనలను 2023లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. మామూలు అద్దాలకంటే అవి కంటి అలసటను తగ్గిస్తాయనేందుకు తగిన ఆధారం దొరకలేదు.

కాబట్టి ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు, వారు అడగకపోయినా ఫోను చూసే గంటలు మీరే చెప్పండి. దగ్గరి చూపు కూడా పరీక్షించమని కోరండి. ఇంటివద్ద 20 నిమిషాలకొకసారి తెర విడిచి, 20 అడుగుల ఆవలనున్న చెట్టునో గోడనో 20 సెకన్లు చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు.