పాత బండికి బ్రేకు లైటే శ్రీరామరక్ష
బ్రేకు బిగించాక స్విచ్చి సరిచూడటం మరవొద్దు

ఉయ్యూరు: బ్రేకు ముందు పోతున్న బండిని ఆపుతుంది. వెనుక వచ్చే బండిని ఆపేది మాత్రం బ్రేకు లైటే. విజయవాడ - మచిలీపట్నం 65వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న ఉయ్యూరులో లారీలు, బస్సుల మధ్యే ధాన్యం ట్రాక్టర్లు, ద్విచక్ర వాహనాలు సాగుతుంటాయి. మాఘమాసంలో వీరమ్మతల్లి తిరునాళ్ల వేళ అడుగడుగునా బ్రేకు వేయక తప్పదు. ఇలాంటి చోట పాత బుల్లెట్, జావా, రాజ్‌దూత్ వంటి బండ్లను ముచ్చటపడి నడిపేవారు ఇంజను మీద చూపే శ్రద్ధలో కొంతైనా బ్రేకు లైటు స్విచ్చిపై చూపాలి.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఒక్క సెకనులో 11 మీటర్లు ముందుకు వస్తుంది. 60 కిలోమీటర్ల వేగమైతే దాదాపు 17 మీటర్లు. లైటు ఒక్క సెకను ఆలస్యంగా వెలిగినా వెనుక వాహన చోదకుడికి అంత దూరం తగ్గిపోయినట్లే.

స్విచ్చి పనిచేసే తీరు

పాత బండ్లలో ఎక్కువగా ఉండేది లాగుడు స్విచ్చి. దానిని బ్రేకు పెడల్ దగ్గర ఫ్రేముకు బిగిస్తారు. స్విచ్చి లోపలి కడ్డీని ఒక చిన్న స్ప్రింగు పెడల్‌కు కలుపుతుంది. పెడల్ తొక్కితే స్ప్రింగు కడ్డీని లాగుతుంది. అప్పుడు లోపలి కాంటాక్టులు కలిసి లైటు వెలుగుతుంది. పాత బుల్లెట్లలో గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు ఉంటాయి కనుక వాటి స్విచ్చిని ఎడమవైపే వెతకాలి.

ఆ స్ప్రింగు తెగితే కొందరు దాని స్థానంలో ఇనుప తీగ కడతారు. ఇది మంచిది కాదు. పెడల్‌ను గట్టిగా తొక్కినప్పుడు అదనపు లాగుడును స్ప్రింగు సాగి భరిస్తుంది. తీగ సాగదు కనుక స్విచ్చి విరుగుతుంది.

ముందు బ్రేకు, ఆ తర్వాతే స్విచ్చి

అసలు కిటుకు వరుసలోనే ఉంది. మొదట చైను, తర్వాత బ్రేకు రాడ్డు, చివరగా స్విచ్చి సరిచేయాలి. స్విచ్చికి తెలిసేది పెడల్ ఎంత కదిలిందన్నదే. డ్రమ్ములో షూలు ఎప్పుడు తగిలాయో దానికి తెలియదు. చైను బిగించేందుకు చక్రాన్ని వెనక్కు జరిపితే రాడ్డు కూడా బిగుస్తుంది. పెడల్‌కు ఉన్న ఖాళీ కదలిక తగ్గుతుంది. దాంతో లైటు వెలగకముందే బ్రేకు పట్టేస్తుంది. షెడ్డులో బ్రేకు బిగించుకుని వచ్చిన రోజే ఈ ప్రమాదం ఎక్కువ.

పెడల్ కొనవద్ద సాధారణంగా రెండు నుంచి మూడు సెంటీమీటర్ల ఖాళీ కదలిక ఉండాలి. ఆ ఖాళీ ముగిసేలోపే, షూలు డ్రమ్మును పట్టకముందే లైటు వెలగాలి. కాలు తీయగానే పూర్తిగా ఆరిపోవాలి.

స్విచ్చిని పెడల్‌కు దూరంగా జరిపితే లైటు ముందుగా, దగ్గరగా జరిపితే ఆలస్యంగా వెలుగుతుంది. మరల ఉన్న స్విచ్చి అయితే నట్టును మాత్రమే తిప్పాలి. స్విచ్చినే తిప్పితే వైర్లు మెలిపడి తెగుతాయి. క్లాంపు రకమైతే స్క్రూ వదులు చేసి కొద్దికొద్దిగా జరపాలి. మరీ ముందుగా వెలిగేలా పెడితే గతుకుల్లో లైటు మిణుకుమిణుకుమంటుంది. నిరంతరం వెలిగితే బ్యాటరీ దిగిపోతుంది. అంతకు మించి, ఎప్పుడూ వెలిగే లైటును వెనుకవారు పట్టించుకోరు.

లోపం ఎక్కడ?

లైటు వెలగకపోతే వెంటనే కొత్త స్విచ్చి కొననక్కర్లేదు. ఇగ్నిషన్ ఆన్ చేసి స్విచ్చికి వచ్చే రెండు వైర్లను ఒకదానికొకటి కలపాలి. అవి ఫ్రేముకు తగలకుండా చూసుకోవాలి. లైటు వెలిగితే లోపం స్విచ్చిదే. వెలగకపోతే ఫ్యూజు, బల్బు, హోల్డరు, ఎర్త్ వైరు వరుసగా చూడాలి. బ్రేకు తొక్కినప్పుడు వెనుక దీపాలు రెండూ మసకబారితే ముందుగా ఎర్త్‌ను అనుమానించాలి.

6 వోల్టుల బండ్లకు ఈ జాగ్రత్త మరింత అవసరం. 21 వాట్ల బల్బు 12 వోల్టుల బండిలో 1.75 ఆంపియర్ల కరెంటు తీసుకుంటే, 6 వోల్టుల బండిలో 3.5 ఆంపియర్లు తీసుకుంటుంది. తుప్పు వల్ల ఒక్క వోల్టు నష్టపోతే 12 వోల్టుల బల్బు వెలుగు సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. 6 వోల్టుల బల్బుకైతే దాదాపు సగం పోతుంది. కాలువగట్ల బురద, వరికోతల దుమ్ము, దివిసీమ వైపు ఉప్పుగాలి ఈ కాంటాక్టులకు శత్రువులు. వానాకాలం ముందు, తర్వాత గరుకు కాగితంతో కొసలు శుభ్రం చేసి, స్ప్రింగు కొక్కేలకు కాస్త గ్రీజు రాస్తే సరిపోతుంది.

ముందు బ్రేకుకు లైటు లేదు

చాలా పాత బండ్లలో చేతి బ్రేకుకు స్విచ్చి ఉండదు. లీవరు మాత్రమే నొక్కితే వెనుకవారికి సంకేతం అందదు. అలాంటివారు రెండు బ్రేకులూ కలిపి వాడటం అలవాటు చేసుకోవాలి. లేదా లీవరు వద్ద మరో స్విచ్చి అమర్చి, దాని వైర్లను పాత స్విచ్చి వైర్లకే సమాంతరంగా కలిపించుకోవచ్చు. అప్పుడు ఏ బ్రేకు వేసినా లైటు వెలుగుతుంది.

నిబంధనలు ఇవీ

1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 102వ నియమం సంకేత దీపాలతోపాటు బ్రేకు లైట్లకూ సంబంధించినది. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపై ఐదేళ్లకోసారి ఫారం 25తో పునరుద్ధరించుకోవాలి. బండిని తనిఖీకి తీసుకెళ్లేముందు లైట్లన్నీ సరిచూసుకోవడం మేలు. 50 ఏళ్లు దాటి, మౌలిక రూపంలోనే ఉన్న బండ్లను వింటేజ్ కింద నమోదు చేసుకునేందుకు 2021లో నిబంధనలు వచ్చాయి. అలా నమోదైన బండిని నిత్య ప్రయాణాలకు వాడరాదు.

బయలుదేరే ముందు పరీక్ష సులువే. బండిని గోడకు వెన్నుగా నిలిపి, ఇగ్నిషన్ ఆన్ చేసి పెడల్‌ను వేళ్లతో మెల్లగా నొక్కాలి. గోడపై ఎర్రని వెలుగు ఎక్కడ మొదలవుతుందో, పెడల్ ఎక్కడ బిగుస్తుందో గమనించాలి. వెలుగు ముందు, బిగువు తర్వాత వస్తే స్విచ్చి సరిగ్గా ఉన్నట్లే.